ఎడమ గొట్టంలో ఖాళీ తూటా

దస్తగిరి కొట్లో పోయింది తుపాకీ కాదు. తుపాకీ బల్ల మీదే భద్రంగా ఉంది. పోయింది దాని లోపల ఇరవై ఒక్క ఏళ్ళుగా ఇరుక్కుపోయి ఉన్న ఒక ఖాళీ ఇత్తడి తూటా. రోడ్డు మీద పడేసినా ఎవరూ వంగి తీసుకోని ఆ ముక్కని పట్టపగలు వచ్చి ఎవరు పట్టుకుపోయారన్నదే ఖలీల్ తేల్చాల్సిన సంగతి.

బందరులో ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నవాడు ఖలీల్ ఒక్కడే. పోలీసు ఉద్యోగం వదిలేసి ఆ బోర్డు పెట్టినప్పుడు జనం పగలబడి నవ్వారు. పదమూడేళ్ళు తిరిగేసరికి ఆ నవ్వినవాళ్ళే మొహం చాటేసిన అల్లుళ్ళనీ, దొంగ సంతకాలు పెట్టిన తమ్ముళ్ళనీ పట్టివ్వమని మెట్లెక్కుతున్నారు. తుపాకీ పని రావడం మాత్రం ఇదే మొదటిసారి. 1998 నవంబరు పదిహేడు, మంగళవారం, ఉదయం తొమ్మిది గంటలకి అతను దస్తగిరి కొట్లో అడుగుపెట్టాడు. సాయంత్రం అయిదు లోపల రాజకుమారికి జవాబు చెప్పాలి.

రాజకుమారిది గుడివాడ. నెల రోజుల కిందట దివిసీమలో వాళ్ళ పొలంలో చేపల చెరువు తవ్విస్తుంటే పొక్లెయిన్ పళ్ళకి ఈ డబుల్ బ్యారెల్ తుపాకీ తగిలింది. అది ఆమె తండ్రి శివరామయ్యది. డెబ్భై ఏడు ఉప్పెనలో కొట్టుకుపోయిందని ఆయన అప్పట్లోనే స్టేషన్లో రాసిచ్చాడు. ఆయన పోయి మూడేళ్ళయింది. ఆయన మీద పడిన మాట మాత్రం ఇంకా పోలేదు. ఉప్పెన నాడు ప్రాణభయంతో తన డాబా వైపు వస్తున్న ఊరవతలి పేటవాళ్ళని శివరామయ్య తుపాకీ పేల్చి తరిమేశాడని ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. ఆయన అవుననలేదు, కాదనలేదు. చివరిదాకా నోరు విప్పలేదు.

తుపాకీ దొరకగానే రాజకుమారి స్టేషన్లో చెప్పి, రసీదు తీసుకుని, మరమ్మతు లైసెన్సున్న దస్తగిరి కొట్టుకి చేర్చింది. నిన్న సాయంత్రం ఖలీల్‌కి ఫోన్ చేసి ఒకటే మాట అంది.

"మా నాన్న మనుషుల మీదికి కాల్చి ఉంటే దాన్ని పోలీసులకిచ్చి ముక్కలు చేయించెయ్యమంటానండీ. కాల్చలేదంటే బాగు చేయించి ఆయన ఫొటో కింద పెట్టుకుంటాను. రెంట్లో ఏదో మీరు తేల్చి చెప్పండి. సీఐ గారు రేపు సాయంత్రం అయిదు దాకానే టైమిచ్చారు."

తండ్రి మీద ప్రేమ ఉన్న కూతురు ఇలా అడగడానికి ఎంత గుండె చిక్కబట్టుకోవాలో ఖలీల్‌కి తెలుసు. అందుకే కాదనలేకపోయాడు.

తుపాకీ చూస్తే జాలేసేటట్టుంది. కర్ర సగం పుచ్చిపోయింది. గొట్టాలు తుప్పు తిని, మశూచి మొహంలా గుంటలు పడ్డాయి. దస్తగిరికి డెబ్భై దాటాయి. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి తుపాకీ నడుం మీద చెయ్యేశాడు.

"పన్నెండు రోజులు కిరసనాయిల్లో నానబెట్టాను ఖలీల్ భాయ్. నిన్న పదిన్నరకి నోరు తెరిచింది. కుడి గొట్టంలో పేలని తూటా, ఎడమ గొట్టంలో పేలిన తూటా. రెండూ ఇంట్లో మందు కూరుకున్న ఇత్తడి తూటాలే."

"వెంటనే గుడివాడ ఫోన్ చేశారా?"

"పది నలభైకి చేశాను. ఎవరో పెద్దావిడ ఎత్తారు. రాజకుమారి గారికి చెప్పమని ఉన్న సంగతి చెప్పాను. పన్నెండింటికి సీఐ కృపానందం వచ్చారు. చూసి, కాగితాలతో రేపొచ్చి పట్టుకెళ్తాను, ఎవరూ ముట్టుకోవద్దన్నారు. ఒంటిగంటకి నేను నమాజుకెళ్ళాను. ఒకటిన్నరకి వచ్చి చూద్దును గదా, ఖాళీ తూటా లేదు."

"ఆ అరగంట కొట్లో ఎవరున్నారు?"

"నేనే ఉన్నాను" అంది లోపలి గుమ్మంలోంచి దస్తగిరి భార్య జోహ్రా. ఆవిడ మొహంలో రక్తం లేదు. నిన్నటి నుంచి మొగుడు ఏమీ అనకపోవడమే ఆవిడకి పెద్ద శిక్షగా ఉన్నట్టుంది.

"భయపడకు వదినా. ఎవరొచ్చారు?"

"ఒక పెద్దావిడ. ఆటోలో దిగింది. శివరామయ్య గారి తుపాకీ ఇదేనా అమ్మా, ఒకసారి చూడొచ్చా అంది. వాళ్ళింటి మనిషే అనుకున్నాను. చెప్పులు బయట విడిచి వచ్చింది. తుపాకీని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. మంచినీళ్ళడిగింది. నేను లోపలికెళ్ళి తెచ్చేసరికి తుపాకీ తెరిచి ఉంది."

"తెరిచి ఉందా? మీరు తెరిచిపెట్టి వెళ్ళారా దస్తగిరి భాయ్?"

"లేదు, మూసేసే వెళ్ళాను."

ఖలీల్ తుపాకీని చేతిలోకి తీసుకున్నాడు. మామూలు తుపాకీలకి తెరిచే మీట పైన ఉంటుంది, బొటనవేలికి అందేటట్టు. దీనికి పైన ఏమీ లేదు. ట్రిగ్గర్ల కింద, వాటిని కాచే కమ్మీకి అతుక్కుని, తుప్పులో కలిసిపోయిన ఒక పలక ఉంది. దాన్ని పక్కకి తిప్పితే తుపాకీ నడుం దగ్గర విరుచుకుని తెరుచుకుంటుంది. తెలియనివాడు గంటసేపు వెతుక్కోవాలి.

"సీఐ గారు తెరవగలిగారా దీన్ని?"

దస్తగిరి మొదటిసారి నవ్వాడు. "అయిదు నిమిషాలు పైన తడుముకున్నారు. తరవాత నేనే తెరిచి చూపించాను."

పోలీసు ఇన్‌స్పెక్టర్‌కి దొరకని మీట మంచినీళ్ళు తెచ్చేలోపల ఒక ముసలావిడ చేతికి దొరికింది. ఆ చేతికి ఈ తుపాకీతో ఏనాటిదో పరిచయం ఉంది. ఫోన్ ఎత్తిన పెద్దావిడ ఎవరో, గుడివాడ నుంచి ఒకటిన్నర లోపల బందరు చేరగలిగిన మనిషి ఎవరో వేరే చెప్పక్కర్లేదు. దొంగ తేలిపోయింది. ఖలీల్‌కి సంతోషం మాత్రం కలగలేదు, ఎందుకంటే అసలు ప్రశ్న ఇప్పుడే మొదలైంది. ఆవిడ దేన్ని దాచాలని అంత దూరం వచ్చింది?

"ఏ ట్రిగ్గర్ ఏ గొట్టానికి?" అని అడిగాడు.

"ముందుది కుడికి, వెనకది ఎడమకి. ఎవడైనా మొదట ముందు ట్రిగ్గరే నొక్కుతాడు. అంటే కుడి గొట్టం పేలాలి. ఇక్కడ కుడి అలాగే ఉంది, ఎడమ పేలింది. నలభై ఏళ్ళలో ఇలాంటిది చూళ్ళేదు నేను."

దస్తగిరి కుడి గొట్టంలోంచి తీసిన తూటాని జాగ్రత్తగా విప్పి, కాగితం మీద ఒంపాడు. మందు బురదై పోయింది. సీసపు గుళ్ళు మాత్రం మిరియపు గింజల్లో సగమంత సైజులో నల్లగా దొర్లాయి. పిట్టలని కొట్టే గుళ్ళు.

ఖలీల్ ఒక గుండుని వేళ్ళతో పట్టుకుని వెలుతురుకి చూశాడు. ఇంత సన్నటి గాయాలు ఒకసారి చూసి ఉన్నాడతను.

డెబ్భై ఏడులో అతను పాతికేళ్ళ కానిస్టేబుల్. ఉప్పెన తరవాత దివిసీమలో శవాల లెక్క రాసే పని మీద వేశారు. మూడో రోజు మధ్యాహ్నం శివరామయ్య గారి పెరట్లో, సర్కారు తుమ్మ కంచెలో చిక్కుకుపోయిన ఒక యువకుణ్ణి బయటికి తీశారు. శివరామయ్య ఒక్కగానొక్క కొడుకు విజయసారథి. కుడి భుజం మీదా మెడ మీదా సన్నటి గాయాలు, గుచ్చినట్టుగా. ఇవేంటండీ అని ఖలీల్ అడిగాడు. "తుమ్మ ముళ్ళు నాయనా" అన్నాడు శివరామయ్య. ఖలీల్ తుమ్మ ముళ్ళనే రాశాడు. అది ఆ రోజు అతను రాసిన నలభై మూడో శవం. మనిషికి చూసే ఓపిక నశించాక ఎవరేం చెబితే అది రాస్తాడు. తరవాత ఉద్యోగం మీద మనసు విరిగిపోవడానికి ఆ మూడు రోజులే కారణం.

"దీన్ని బాగుచేస్తే ఏమవుతుంది దస్తగిరి భాయ్?"

"గొట్టాలు లోపల సానబట్టి నునుపు చేస్తాను. కొత్త కర్ర వేస్తాను. స్ప్రింగులు మారుస్తాను. కొత్త పెళ్ళికొడుకులా తయారవుతుంది. కాకపోతే ఆ రోజు ఏం జరిగిందో చెప్పే గుర్తు ఒక్కటి కూడా మిగలదు."

గుడివాడలో రాజకుమారి ఇంటికి చేరేసరికి పదకొండున్నర అయింది. ఆమెకి ముప్ఫై ఎనిమిదేళ్ళు, స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఉప్పెన నాటికి గుడివాడలోనే హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఖలీల్‌ని కూర్చోబెట్టి, ఎదురుగా తనూ కూర్చుంది. కళ్ళ కింద నలుపు చూస్తే రాత్రి నిద్రపోలేదని తెలుస్తోంది.

"అమ్మగారిని పిలుస్తారా?" అన్నాడు ఖలీల్.

"అమ్మనా? అమ్మకేం తెలుసండీ? ఆ రోజుల మాటెత్తితే భోజనం కూడా మానేస్తుంది."

ఆమె ఇంకా లేవకముందే గేటు దగ్గర జీపు ఆగింది. సీఐ కృపానందం బూట్లు విడవకుండా గుమ్మం దాకా వచ్చి, అక్కడ ఒక క్షణం తటపటాయించి, విడిచే లోపలికొచ్చాడు. ముప్ఫై అయిదేళ్ళ మనిషి. సరాసరి ఎస్సైగా ఎంపికై పైకొచ్చినవాడు. ఖలీల్‌ని చూసి పెదవి విరిచాడు.

"ఖాళీ తూటా మాయమైంది. అది మాయమైతే ఎవరికి మంచిదో వాళ్ళింట్లోనే మీరు కాఫీ తాగుతున్నారు. భలే డిటెక్టివ్ పనండీ ఖలీల్ గారూ!"

"కాఫీ ఇంకా రాలేదు సీఐ గారూ. తూటా వచ్చాక తాగుదామని చూస్తున్నాను."

"ఎగతాళి వద్దు. అయిదింటిదాకా ఆగుతానన్నాను. సాక్ష్యాన్నే మాయం చేస్తే ఆగేదేముంది? ఇప్పుడే తుపాకీ స్వాధీనం చేసుకుంటున్నాను. ఈవిడ మీద కేసు కూడా పెడతాను."

"ఏమని?"

"మనుషులని చంపిన ఆయుధాన్ని తుడిచెయ్యాలని చూసినందుకు."

"చంపిందని తేలిందా?"

"నాకు తేలక్కర్లేదు." కృపానందం గొంతు ఒక్కసారిగా పగిలింది. "ఆ చప్పుడు విన్నవాళ్ళలో నేనొకణ్ణి. నాకప్పుడు పధ్నాలుగేళ్ళు. ఆ నీళ్ళలో నాకెవరూ మిగల్లేదు. మీరు లిస్టులు రాసుకుంటూ తిరిగారు చూడండీ, అందులో మా అమ్మ పేరు కూడా సరిగ్గా రాయలేదు."

ఖలీల్‌కి ఆ లిస్టులు గుర్తొచ్చాయి. అది నిజమే అయి ఉంటుంది. ఇలాంటి మాటకి ఎదురు చెప్పేవాడు మనిషి కాదు.

రాజకుమారి లేచి నిలబడింది. "మా నాన్నే చేసుంటే నేను దాచనండీ. తుపాకీ మీద ఒట్టేసి చెబుతాను. ఆ తూటా నేను తియ్యలేదు."

"నేను తీశాను" అంది ఆమె తల్లి పుష్పావతి.

ఎప్పుడొచ్చి నిలబడిందో ఎవరూ చూడలేదు. అరవై ఆరేళ్ళ మనిషి. నిటారుగా ఉంది. నడిచి వచ్చి, కొంగు ముడి విప్పి, ఇత్తడి తూటాని బల్ల మీద పెట్టింది. అడుగున తుపాకీ సూది దిగిన గుంట స్పష్టంగా కనబడుతోంది.

"అమ్మా!" అంది రాజకుమారి.

"కూర్చో. నువ్వు కూర్చుంటేనే చెప్పగలను." తరవాత ఖలీల్ వైపు తిరిగింది. "అడగండి బాబూ. అడిగితే తొందరగా అయిపోతుంది."

ఖలీల్ అడిగాడు. ఇన్నేళ్ళలో ఎంతోమందిని ప్రశ్నించాడు గానీ, గొంతు ఇంత మెల్లగా వచ్చింది ఇదే మొదలు.

"ముప్ఫై ఏళ్ళు తుపాకీ పట్టిన శివరామయ్య గారు పేల్చి ఉంటే ముందు ట్రిగ్గర్ నొక్కేవారు. వెనకది నొక్కారు. ఎవరమ్మా నొక్కింది?"

"నేనే."

పుష్పావతి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పెళ్ళయిన కొత్తలో ఆయనే నేర్పారు, నీళ్ళ మీద వాలే పరజ పిట్టల మీద. ముందు ట్రిగ్గర్ బిగుసుగా ఉండేది. నీ వేలు నొప్పెడుతుంది, వెనకది నొక్కు అనేవారు. పిట్టగోడ మీద ఆనించి, నీళ్ళ మీదికి తిన్నగా పెట్టి పేల్చాలి. నాకొచ్చింది అదొక్కటే."

"ఉప్పెన నాడు?"

"సారథి మధ్యాహ్నమే పేటవాళ్ళని తీసుకొస్తానని వెళ్ళాడు. వద్దన్నా వినలేదు. ఇంతలోకే నీళ్ళు వచ్చేశాయి. ఆయన డాబా మీంచి మోకు వదిలి, రెండు చేతులా జనాన్ని పైకి లాగుతున్నారు. చీకటి పడిపోయింది. లాంతరు నిలవట్లేదు. ఎంత అరిచినా గాలి ఎత్తుకుపోతోంది. 'పుష్పా, తుపాకీ పేల్చు, ఇక్కడ డాబా ఉందని వాళ్ళకి తెలుస్తుంది' అన్నారు. తెచ్చి పిట్టగోడ మీద ఆనించాను. ఆకాశంలోకి పెట్టాలన్న ఆలోచనే రాలేదు నాకు. నీళ్ళ మీదికి పెట్టి నొక్కేశాను."

ఆవిడ బల్ల మీది తూటాని వేలితో పక్కకి జరిపింది.

"'అమ్మా' అని వినబడింది. ఆ పూట ఎవరి నోట విన్నా అదే మాట కదా బాబూ, అనుకున్నాను. ఇరవై ఒక్క ఏళ్ళనించి అనుకుంటూనే ఉన్నాను."

రాజకుమారి రెండు చేతులతో నోరు మూసుకుంది.

"మూడో రోజు వాణ్ణి కడుగుతుంటే చూశాను. గుళ్ళ దెబ్బ నాకు తెలీదా? ఎన్ని పిట్టల్ని వలిచాను! అంత చచ్చేటంత దెబ్బ కాదు. కానీ కుడి భుజం. ఈదే చెయ్యి. ఆయన పక్కన నిలబడి, 'తుమ్మ ముళ్ళు గీరుకున్నాయి పుష్పా' అన్నారు. 'అవునండీ' అన్నాను. ఆ సాయంత్రమే తుపాకీ కనపడకుండా పోయింది. కొట్టుకుపోయిందన్నారు. దానికీ అవునండీ అనే అన్నాను."

"మరి పేటవాళ్ళ మీద పేల్చారన్న నింద?" అన్నాడు ఖలీల్. అడగకుండా ఉండాల్సిందని అడిగాక అనిపించింది.

"మోశారు. ఆయన 'నేను కాదు' అంటే మరెవరంటారు, ఎందుకంటారు, ఎటు పెట్టి పేల్చారంటారు. తిరిగి తిరిగి సారథి దగ్గరికే వస్తుంది. కొడుకుని నా చేత్తో నేనే పోగొట్టుకున్నానని నాకు తెలీకూడదని ఆయన. నాకు తెలుసని ఆయనకి తెలీకూడదని నేను. ఒకే మంచం మీద పద్దెనిమిదేళ్ళు అలాగే పడుకున్నాం బాబూ."

ఖలీల్ కళ్ళు తుడుచుకోవడానికి సిగ్గుపడలేదు. 'తుమ్మ ముళ్ళు' అని తను రాసిన రెండు ముక్కలు ఆ ఇద్దరి మధ్యా గోడై నిలబడ్డాయని అతనికి ఇవాళే తెలిసింది. పోలీసుగా చేసిన తప్పు అది. మనిషిగా తప్పో ఒప్పో చెప్పగలిగేవాళ్ళెవరూ లేరు.

రాజకుమారి ఏడుస్తూనే లేచి తల్లిని గట్టిగా కావలించుకుంది. చాలాసేపటికి వదిలి, ఫోన్ దగ్గరికి నడిచింది.

"నాన్న ఎవరినీ కాల్చలేదు" అంది, సీఐని కాదు, గోడనున్న ఫొటోని చూస్తూ. "జనాన్ని పిలిచారు. రమ్మని పిలిచారు. ఆ తుపాకీ నాకు కావాలి. బాగు చేయిస్తాను. ఎల్లుండి ఉప్పెన రోజున మా ఊరు తీసుకెళ్ళి అందరికీ చెబుతాను." బందరు నంబరు తిప్పింది.

"ఆ చీకట్లో ఆ నీళ్ళ మీద ఉన్నది మేమేనండీ" అన్నాడు కృపానందం.

అంతదాకా అతను గోడకి జారబడి నిలబడే ఉన్నాడు. ఇప్పుడు కింద చాప మీద కూర్చుండిపోయాడు. యూనిఫాం సంగతి గుర్తున్నట్టు లేదు.

"మా గుడిసె కప్పు ఊడి తేలింది. పేట జనం దానిమీదెక్కాం. ఎవరో ఒకాయన నడుముకి మోకు కట్టుకుని, ఆ కప్పుని లాగుతూ ముందు ఈదుతున్నాడు. చీకట్లో మొహం తెలీలేదు. 'భయపడకండి, డాబా దగ్గరికొచ్చేశాం' అంటున్నాడు. అప్పుడు పేలింది. మోకు వదులైపోయింది. ఆ గొంతు మళ్ళీ వినబళ్ళేదు."

పుష్పావతి అతన్నే చూస్తోంది.

"మా వాణ్ణెవణ్ణో కాల్చేశారనుకున్నాం. ఆ తుపాకీ చప్పుడు మాకు కొత్త కాదమ్మా. కోతలయ్యాక రాలిన పరిగ ఏరుకోడానికి చేలోకి దిగితే అయ్యగారు గట్టు మీంచి పైకి పేల్చేవారు, వెళ్ళిపొండని. పుట్టినప్పటినించీ దానికి మాకు తెలిసిన అర్థం అదొక్కటే. మా నాన్న అరిచాడు. 'అటొద్దురా, కాలుస్తున్నారు, వెనక్కి నెట్టండి' అన్నాడు. అందరం కలిసి వాసాలతో కప్పుని వెనక్కి నెట్టాం. నేనూ నెట్టాను. డాబా మీద జనం అరుపులు వినబడేటంత దగ్గర్లోంచి వెనక్కి నెట్టుకున్నాం."

ఫోన్ అవతల గంట మోగుతూనే ఉంది. ఎవరో ఎత్తారు. దస్తగిరి గొంతు గదంతా వినబడింది. "హలో, చెప్పండమ్మా. పని మొదలెట్టమంటారా?"

రాజకుమారి రిసీవర్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

పుష్పావతి వచ్చి చాప మీద, కృపానందం ఎదురుగా కూర్చుంది.

"ఎంతమంది బాబూ మీరు?"

"పధ్నాలుగు మందిమి."

"ఎంతమంది మిగిలారు?"

"నేనొక్కణ్ణే అమ్మగారూ. తాడిచెట్టు దొరికింది నాకు."

ఆవిడ చెయ్యి చాపి అతని చెయ్యి పట్టుకోబోయి, పట్టుకునే హక్కు తనకుందో లేదో తెలియక మధ్యలోనే ఆగిపోయింది. ఆ చేతిని కృపానందమే అందుకున్నాడు.

"హలో? అమ్మా, వినబడుతోందా?" అన్నాడు దస్తగిరి.

"వినబడుతోందండీ" అంది రాజకుమారి. "బాగు చెయ్యొద్దు. తుప్పు కూడా తుడవొద్దు. అదెలా ఉందో అలాగే సీఐ గారికి అప్పగించెయ్యండి."